పద్దెనిమిది నిండాక ఈ ఫైలు ఎవరిది?

అందరికీ నమస్కారం. ముందు వరసలో వీల్‌చెయిర్లలో ఉన్న పిల్లలకూ, వాళ్ల పక్కన సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మలకూ ఇంకోసారి నమస్కారం. ఆ సంచులు నాకు బాగా తెలుసు. ఏదో బట్టల షాపు కవరు. హ్యాండిల్ తెగిపోతే దానికి లంగా నాడా కట్టి ఉంటుంది. లోపల పదేళ్ల ఎక్స్‌రేలు ఎండలకు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి. డిశ్చార్జి కాగితాలు, లామినేషన్ చేయించిన ఆధార్, అడుగున నలిగిన బిస్కెట్ ప్యాకెట్. పిల్లాడు పొడుగు పెరగకపోయినా సంచి మాత్రం ఏటా పెరుగుతుంది.

నేను ఇవాళ మాట్లాడేది ఆ సంచి గురించే. అది అమ్మ చేతిలోంచి పిల్లాడి చేతికి ఎప్పుడు వెళ్తుంది? అసలు వెళ్తోందా?

నిర్వాహకులు నాకు ఇచ్చిన టాపిక్ "దీర్ఘకాలిక ఎముకల జబ్బులున్న పిల్లలను పెద్దల వైద్యానికి మార్చడం". చదవగానే రేషన్ కార్డు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మార్చుకున్నట్టు అనిపించింది. నిజం చెప్పాలంటే రేషన్ కార్డే నయం, దానికో దరఖాస్తు ఫారం ఉంది. (నవ్వులు)

నేను పిల్లల హార్మోన్ల డాక్టర్‌ని. ఎముకల జబ్బులున్న పిల్లల్ని ఇరవై ఏళ్లకు పైగా చూస్తున్నాను. వాళ్లలో ఎక్కువమంది ఓఐ పిల్లలు. ఓఐ అంటే ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా, మన భాషలో పెళుసు ఎముకల జబ్బు. సుమారు 15 నుంచి 20 వేల కాన్పుల్లో ఒకరికి వస్తుంది. ఇక్కడికి వచ్చిన తాతలు, మేనమామల కోసం ఒక్క ముక్కలో చెప్తాను. ఎముక అంటే ఇంటి స్లాబు లాంటిది. కాల్షియం అందులో సిమెంటు, కొల్లాజెన్ అనే మాంసకృత్తి ఇనుప చువ్వ. ఈ పిల్లల్లో లోపం చువ్వలో ఉంటుంది. ఊళ్లో అందరూ "కాల్షియం తక్కువైంది, బిళ్లలు మింగించండి" అంటారు. ఇనుము సరిగా లేని స్లాబు మీద ఇంకో బస్తా సిమెంటు కుమ్మరిస్తే ఏమవుతుంది? లోటుంటే కాల్షియం ఇవ్వాల్సిందే, కాదనను. కానీ జబ్బు అక్కడ లేదు.

ఈ జబ్బు చరిత్రలో 1998 పెద్ద మలుపు. మాంట్రియల్‌లోని ష్రైనర్స్ పిల్లల ఆసుపత్రి డాక్టర్లు, తీవ్రమైన ఓఐ ఉన్న పిల్లలకు పామిడ్రోనేట్ అనే మందును నరంలోకి ఎక్కిస్తే ఎముక సాంద్రత పెరిగి విరగడాలు తగ్గుతున్నాయని ప్రచురించారు. తర్వాత అదే బిస్‌ఫాస్ఫోనేట్ల కుటుంబంలోని జోలెడ్రోనిక్ యాసిడ్ వచ్చింది. మన అమ్మలు దీన్ని "సెలైన్" అంటారు. "ఈసారి సెలైన్ ఎప్పుడు డాక్టరమ్మా?" అంటే సెలైన్ కాదు, అందులో కలిపే మందు. నేను దిద్దడం మానేశాను. దాని ఫలితం ఇవాళ తిరగదోడాల్సి వస్తోంది, ఆ మాట తర్వాత చెప్తాను.

ఆ మందుతో పెరిగిన తరం ఇప్పుడు ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉంది. డిగ్రీలు చేస్తున్నారు, ఉద్యోగాలకు వెళ్తున్నారు, పెళ్లిచూపులకు కూర్చుంటున్నారు. నేను చదువుకునే రోజుల్లో తీవ్రమైన ఓఐ పిల్లాడికి పాతికేళ్లొచ్చాక ఏం చెయ్యాలని ఎవరూ పాఠం చెప్పలేదు. అంత వయసు వస్తుందని వాళ్లూ అనుకోలేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను.

ఒంగోలు దగ్గర ఒక ఊరి అబ్బాయి. నాలుగో ఏట నా దగ్గరికి వచ్చేనాటికే ఆరుసార్లు విరిగింది. మొదటి రెండుసార్లు పుత్తూరు కట్టు కట్టించారు, తర్వాత పిండికట్లు. నా దగ్గర మందు మొదలుపెట్టాం. ఆర్థోపెడిక్ సర్జన్ రెండు తొడ ఎముకల్లోనూ సాగే రాడ్లు వేశారు. పాత ట్రాన్సిస్టర్ రేడియో ఏంటెన్నా గుర్తుందా, అలా ఒకదాంట్లో ఒకటి దూరి ఉండే రాడ్డు. పిల్లాడు పెరిగేకొద్దీ అదీ సాగుతుంది. ఆ అబ్బాయి వాకర్‌తో నడిచాడు, తర్వాత వాకర్ లేకుండా నడిచాడు. పదో తరగతి మార్కులు చెప్పడానికి వాళ్ల నాన్న నాకు పొద్దున్నే ఆరింటికి ఫోన్ చేశాడు.

పద్దెనిమిది నిండాయి. ఇక పిల్లల వార్డులో పడక ఇవ్వడానికి వీల్లేదు. నేనొక ఉత్తరం రాశాను. దాని కార్బన్ కాపీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. "నోన్ కేస్ ఆఫ్ ఓఐ. రిసీవ్డ్ బిస్‌ఫాస్ఫోనేట్స్. రిఫర్డ్ టు అడల్ట్ సర్వీసెస్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్."

పద్నాలుగేళ్ల వైద్యం, నాలుగు ముక్కలు. అడల్ట్ సర్వీసెస్ అంటే ఎవరు? ఏ గది? ఏ రోజు? నీడ్‌ఫుల్ అంటే ఏమిటి? నాకూ తెలియదు. తెలిస్తే రాసేదాన్ని కదా.

ఏడేళ్ల తర్వాత వాళ్లమ్మ ఫోన్ చేసింది. అబ్బాయి బాత్రూమ్‌లో జారి పడ్డాడు, తొడ ఎముక పాత రాడ్డు అంచు దగ్గర విరిగింది. దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టర్ మంచివాడే, పాతికేళ్ల కుర్రాడికి తొడ విరిగితే ఎవరైనా చేసే పనే చేశాడు. ప్లేటు పెట్టి స్క్రూలు బిగించాడు. ఎనిమిది నెలలకు ప్లేటు ఆగిన చోట మళ్లీ విరిగింది. కర్రకు సగం దాకా ఇనప తొడుగు వేసి బరువు మోపితే ఎక్కడ విరుగుతుంది? తొడుగు అంచు దగ్గర. ఓఐ ఎముకకూ అంతే. అందుకే వీలైనంతవరకు ఎముక లోపల పొడవునా రాడ్డు వేస్తారు, బయట ప్లేటు వెయ్యడానికి వెనకాడతారు. నా ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం ఉంటే సరిపోయేది. పైగా ఆ ఉత్తరాన్ని అసలు ఎవరూ చూడలేదు. అది సంచిలో, బిస్కెట్ ప్యాకెట్ కింద ఉంది.

"ఈ ఏడేళ్లూ ఎవరికి చూపించుకున్నావు నాయనా?" అని అడిగాను. "ఎవరికీ లేదు మేడమ్. విరగలేదుగా" అన్నాడు.

ఈ మాట పీజీ చదివే డాక్టర్లు రాసుకోండి. "విరగలేదుగా." యుక్తవయసు దాటాక ఓఐలో విరగడాలు సహజంగానే తగ్గుతాయి. ఆడవాళ్లలో ముట్లు ఆగాక, మగవాళ్లలో వయసు మళ్లాక మళ్లీ పెరుగుతాయి. అంటే సరిగ్గా మనం చెయ్యి వదిలే వయసులో జబ్బు కూడా నోరు మూసుకుంటుంది. తగ్గిపోయిందని వాళ్లనుకుంటారు, తగ్గిపోయిందని మనమూ అనుకుంటాం. లోపల జరిగేవి జరుగుతూనే ఉంటాయి. పెద్దయ్యాక దాదాపు సగం మందిలో వినికిడి తగ్గుతుంది. చాలామందికి అది ఇరవైల్లో, ముప్ఫైల్లో మొదలవుతుంది, "మీటింగుల్లో వాళ్లు మెల్లిగా మాట్లాడుతున్నారు" అని ఇతరుల మీద పెట్టేస్తారు. వెన్నెముక వంకర ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల్లో చోటు తగ్గుతుంది. తీవ్రమైన రకాల్లో ప్రాణం మీదకు తెచ్చేది ఎముకల కన్నా ఎక్కువగా ఊపిరే. జలుబే కదా అని వదిలేస్తే నాలుగో రోజుకు ఆక్సిజన్ అవసరమవుతుంది. పీఎఫ్‌టీ అని ఊదే పరీక్ష ఉంది, వినికిడికి ఆడియోగ్రామ్ ఉంది, రెండూ ఖరీదైనవి కావు. చేయించమని చెప్పే మనిషే లేడు.

చిన్నప్పుడు ఆ మనిషిని నేనే. మూడు నెలలకోసారి మందుకు వస్తారు కాబట్టి ఆ రోజే చెవులు, పళ్లు, వెన్ను అన్నీ చూసేసేదాన్ని. పెద్దల వైద్యంలో ఎముక విరిగితే ఆర్థో, దమ్ముకు పల్మనాలజిస్టు, చెవికి ఈఎన్‌టీ, మందుకు ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టర్. నలుగురూ నాలుగు చోట్ల, నాలుగు ఓపీ రోజులు, నాలుగు ఫీజులు. అందరూ పెద్ద డాక్టర్లే. పెళ్లి బాధ్యత నలుగురికి అప్పగిస్తే తాళిబొట్టు తేవడం మర్చిపోతారని మా నాయనమ్మ అనేది.

సరే, రెండో కేసు. ఇది ఓఐ కాదు. ఎక్స్‌ఎల్‌హెచ్, అంటే ఒంట్లో ఫాస్ఫేట్ నిలవని రికెట్స్. ఎముకల నుంచి ఎఫ్‌జీఎఫ్ 23 అనే హార్మోన్ ఎక్కువగా తయారై, కిడ్నీ ఫాస్ఫేట్‌ను మూత్రంలో వదిలేస్తుంది. పిల్లలకు దొడ్డికాళ్లు వస్తాయి, ఎత్తు పెరగరు. ఊళ్లో ఆరు లక్షల యూనిట్ల విటమిన్ డి ఇంజెక్షన్ ఒకటికి రెండుసార్లు పొడుస్తారు, కాళ్లు అలాగే ఉంటాయి. నల్గొండ వైపు పిల్లలైతే ఇంకో చిక్కు ఉంది. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగడం గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1973లోనే రాశారు. అందువల్ల కాళ్లు వంకరగా కనిపిస్తే చాలు "నీళ్ల వల్ల" అని పంపేస్తారు. రక్తంలో ఫాస్ఫేట్ చూడరు. చిన్న పరీక్ష అది.

ఆ పాపకు తొమ్మిదేళ్లు. రోజుకు ఐదుసార్లు ఫాస్ఫేట్ ద్రావణం తాగాలి, దాంతోపాటు కాల్సిట్రియాల్ అనే విటమిన్ డి మందు. ఆ ద్రావణం నేనూ ఒకసారి రుచి చూశాను. ఉప్పు కలిసిన సబ్బు నీళ్లలా ఉంది, చాలామందికి కడుపులో తిప్పుతుంది. స్కూల్లో మధ్యాహ్నం డోసు మూత తీస్తే ఫ్రెండ్స్ ముక్కు మూసుకుంటారని పాప చెప్పింది. వాళ్ల నాన్న ప్రతిసారీ తలుపు దగ్గర నిలబడేవాడు. కుర్చీ చూపిస్తే "పర్లేదమ్మా" అనేవాడు. పొట్టిగా ఉంటాడు. మూడేళ్లు అలా నిలబడ్డాడు, నేను మూడేళ్లూ పాప కాళ్లే చూశాను.

ఒకరోజు కరెంటు పోయి లిఫ్టు ఆగింది. రెండో అంతస్తు ఎక్కి వచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు చూశాను ఆయన నడక. "మీ మోకాళ్లు చూపించండి" అన్నాను. సిగ్గుపడ్డాడు. "నాదేముందమ్మా, పాప సంగతి చూడండి." ఆయన టైలర్. చిన్నప్పటి నుంచి కాళ్లు వంకర, కూర్చుని చేసే పని కాబట్టి టైలరింగ్ నేర్చుకున్నాడట. వయసు ముప్ఫై ఆరు. పిప్పి లేకుండానే చిగుళ్లు వాచి చీము పట్టి పళ్లు సగం పీకించుకున్నాడు. తుంటి నొప్పికి ఎనిమిదేళ్లుగా మెడికల్ షాపు బిళ్లలు మింగుతున్నాడు. ఎక్స్‌రే తీస్తే రెండు తొడ ఎముకల్లోనూ సగం విరిగి అతకని గీతలు. నెలల తరబడి ఆ కాళ్లతోనే మిషన్ తొక్కుతున్నాడు.

ఎక్స్‌ఎల్‌హెచ్ తండ్రి నుంచి కూతుళ్లందరికీ వస్తుంది, కొడుకులకు రాదు. తల్లికి ఉంటే ఎవరికైనా సగం అవకాశం. ఇది మా పాఠ్యపుస్తకంలో మొదటి పేజీలో ఉంటుంది. అయినా ఆ పాపకు ముప్ఫై ఆరేళ్లొస్తే ఎలా ఉంటుందో చూపించే మనిషి మూడేళ్లపాటు నా తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఎదుగుదల ఆగగానే ఫాస్ఫేట్ సీసా పక్కన పెట్టేసి, "ఇక ఎత్తు పెరగవు, మందెందుకు" అని చెప్పి పంపిన పిల్లలందరూ వెళ్లేది అక్కడికే. అందరికీ జీవితాంతం మందు అక్కర్లేదు, అది నిజమే. నొప్పి ఉన్నవాళ్లకు, ఇలా గీతలు పడ్డవాళ్లకు, ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లకు మళ్లీ మొదలుపెడతారు. కానీ అది తేల్చడానికి ఏడాదికోసారైనా ఎవరో ఒకరు చూడాలి కదా. ఎక్కువకాలం ఫాస్ఫేట్ తాగినవాళ్లకు కిడ్నీలో కాల్షియం పేరుకుందేమో, పారాథైరాయిడ్ గ్రంథి రెచ్చిపోయిందేమో కూడా చూడాలి. 2018 నుంచి బురోసుమాబ్ అనే ఇంజెక్షన్ విదేశాల్లో అనుమతి పొందింది, ఆ ఎఫ్‌జీఎఫ్ 23 హార్మోన్‌నే పట్టి ఆపుతుంది. దాని ధర సంగతి ఈ సభలో ఎత్తితే అమ్మలకు బీపీ పెరుగుతుంది, వదిలేద్దాం.

మళ్లీ సంచి దగ్గరికి వద్దాం.

మన భాషలో ఒక వింత ఉంది, గమనించారా? నేను పదిహేనేళ్ల అబ్బాయిని "మందు వేసుకుంటున్నావా?" అని అడుగుతాను. వాళ్లమ్మ జవాబిస్తుంది: "వేసుకుంటున్నామండి." నొప్పి ఎలా ఉంది? "తగ్గిందండి మాకు." నిద్ర? "పడుతున్నామండి." (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, మీరందరూ ఇలాగే మాట్లాడతారు. నేనూ మా అబ్బాయి డాక్టర్ దగ్గర ఇలాగే మాట్లాడాను. ఆ "మేము"లో ఎంత ప్రేమ ఉందో నాకు తెలుసు. రాత్రి రెండింటికి బిడ్డ మూలిగితే లేచిన మనిషి "మేము" అనకపోతే ఇంకెవరంటారు? కానీ పద్దెనిమిదేళ్లు నిండి, అబ్బాయి బెంగళూరులో పీజీ హాస్టల్లో పడిపోతే, క్యాజువాల్టీలో డ్యూటీ డాక్టర్ అడిగే ప్రశ్నలకు "మేము" అక్కడ ఉండరు. "ఏం జబ్బు?" "ఎముకలు వీక్." "ఏం మందు?" "సెలైన్." "ఏ సెలైన్?" "అమ్మకు తెలుసు."

సెలైన్ అన్నప్పుడు దిద్దడం మానేశానన్నానే, దాని ఫలితం ఇదే. జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కిందని తెలియకపోతే పన్ను పీకే డాక్టర్ దవడ గురించి జాగ్రత్త పడలేడు. అమ్మాయి గర్భం ప్లాన్ చేసుకునేటప్పుడు, ఆ మందు ఎముకలో ఏళ్ల తరబడి ఉండిపోతుందన్న చర్చ రాదు. మత్తు డాక్టర్‌కు మెడ వెనక్కి ఎక్కువ వంచకూడదని తెలియదు. తీవ్రమైన ఓఐలో బీపీ పట్టీ బిగిసి చెయ్యి విరిగిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఇవన్నీ ఒక చిన్న కార్డు మీద పడతాయి. జబ్బు పేరు, మందు పేరు, చివరి డోసు తేదీ, రాడ్లు ఎక్కడున్నాయి, ఎలా ఎత్తాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. పర్సులో ఒకటి, ఫోన్‌లో ఫొటో ఒకటి. మేం ఇప్పుడు ఇస్తున్నాం. ప్రింటింగు ఖర్చు పెద్ద లెక్క కాదు.

టొరంటోలోని సిక్‌కిడ్స్ ఆసుపత్రి వాళ్లు "గుడ్ టు గో" అనే కార్యక్రమంలో ఒక చిన్న కిటుకు పెట్టారు, నాకు బాగా నచ్చింది. పిల్లాడు డాక్టర్‌తో మూడు వాక్యాలు తనే చెప్పాలి. మొదటిది, నా వయసు, నా జబ్బు. రెండోది, ఇప్పుడు జరుగుతున్న వైద్యం. మూడోది, ఇవాళ నేను అడగదలచుకున్నది. ఇంతే. అమ్మ ఆ మూడు వాక్యాలు అయ్యేదాకా మాట్లాడకూడదు.

మా ఓపీలో మొదటిసారి ఇది చేయించిన రోజు ఒక పదిహేనేళ్ల అమ్మాయి. కళ్లలో తెల్లగుడ్డు లేత నీలం, మనిషి చలాకీ. గుంటూరు యాసలో గడగడా చెప్పేసింది. "నాకు పదిహేనేళ్లు, నాకు ఓఐ, పదకొండుసార్లు విరిగాయి, రెండు తొడల్లో రాడ్లున్నాయి." భేష్. "ఆర్నెల్లకోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించుకుంటాను, పోయినసారి సంక్రాంతి ముందు." వాళ్లమ్మ "భోగి ముందురోజండీ" అనబోయి చేత్తో నోరు మూసుకుంది. తర్వాత ఆ అమ్మాయి ఆగింది. అమ్మ వైపు చూడలేదు, నా బల్ల మీది పేపర్ వెయిట్‌ను చూస్తూ అడిగింది: "నేను హాస్టల్లో ఉండి ఇంటర్ చదవొచ్చా?"

పదకొండు విరుపుల గురించి మేం పదేళ్లుగా మాట్లాడుకుంటున్నాం. ఈ ప్రశ్న మాత్రం నేను ఎప్పుడూ వినలేదు. అడిగే సందు దొరకలేదు ఆ పిల్లకు.

ఇంగ్లండ్‌లో నైస్ అనే సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, పిల్లల వైద్యం నుంచి పెద్దల వైద్యానికి మారే పని 13, 14 ఏళ్లకే మొదలుపెట్టాలని ఉంది, మొత్తం కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరు పేరుతో సహా ఉండాలని ఉంది. పదమూడేళ్లకే ఎందుకు అనుకున్నాను చదివినప్పుడు. తర్వాత మన లెక్క వేసుకున్నాను. పదమూడంటే ఎనిమిదో తరగతి. తొమ్మిది పోతే పది, పది పోతే ఇంటర్. "ఇంటర్ అయ్యాక చూద్దాం డాక్టరమ్మా, ఎంసెట్ టెన్షన్‌లో ఉన్నాడు." ఇప్పుడు దాని పేరు మారింది, టెన్షన్ మారలేదు. ఇంటర్ అయ్యేసరికి పద్దెనిమిది. తలుపు మూసేస్తారు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో చాలాచోట్ల ఇంకా ముందే, పన్నెండేళ్లు దాటితే పిల్లల ఓపీలో చీటీ రాయరు. కాబట్టి మనకు ఇంగ్లండ్ కన్నా ముందే మొదలుపెట్టాల్సిన అవసరం ఉంది.

మేం చేస్తున్నది చెప్తాను, గొప్పగా ఏమీ ఉండదు. పన్నెండు దాటిన పిల్లలతో ప్రతిసారీ పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడతాను. అమ్మ బయట బెంచీ మీద. మొదట్లో తలుపుకున్న అద్దంలోంచి చూస్తూ ఉంటారు, నాకూ కనిపిస్తూనే ఉంటుంది. మూడో నాలుగో విజిట్‌కు ఫోన్ చూసుకోవడం మొదలుపెడతారు. ఆ పది నిమిషాల్లో ఏం తెలుస్తుందంటారా? కాలేజీ బాత్రూమ్ నేల తడిగా ఉంటుందని, జారతానన్న భయంతో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా చుక్క నీళ్లు తాగని అబ్బాయి ఉన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం రాస్తే స్టాఫ్ బాత్రూమ్ తాళం ఇచ్చారు. ఆ పిల్లాడికి ఆ ఏడాది నేను చేసిన వైద్యంలో అన్నిటికన్నా పనికొచ్చింది ఆ తాళం.

పదహారు దాటాక పెద్దల ఎండోక్రైనాలజిస్టును మా ఓపీకి పిలుస్తాం. కొత్త డాక్టర్‌ను పాత గదిలో కలుస్తారు. ఆర్నెల్ల తర్వాత ఆయన గదికి నేను వెళ్తాను, పిల్లాడితో పాటు. ఆ తర్వాత నేను వెళ్లను. ఆ మూడోసారి నాకే కష్టంగా ఉంటుంది, ఒప్పుకుంటున్నాను. వాళ్ల ఫోన్ కోసం చూస్తూ ఉంటాను. డాక్టర్లు పిల్లల్ని వదలకపోవడం కూడా ఈ సమస్యలో భాగమే. పాతికేళ్లవాడికి ఇంకా నేనే మందు రాస్తూ "వాడు నా దగ్గరే కంఫర్టబుల్" అని చెప్పుకుంటూ ఉండేదాన్ని. కంఫర్టబుల్ వాడా, నేనా?

పెద్దల వైద్యంలో మంచి కూడా ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. టెరిపారటైడ్ అనే ఇంజెక్షన్ ఎదుగుతున్న పిల్లలకు ఇవ్వం. పెద్దవాళ్లకు ఇవ్వొచ్చు. ఓఐ ఉన్న పెద్దవాళ్ల మీద 2014లో ప్రచురితమైన అమెరికా పరిశోధనలో తేలిక రకం ఉన్నవాళ్లకు ఎముక సాంద్రత పెరిగింది, తీవ్రమైన రకాల్లో అంత తేడా కనబడలేదు. అంటే నా గదిలో లేని సరుకు కూడా అవతలి గదిలో ఉంటుంది.

ఒక చిన్న విషయం, కానీ ఏడుపులు తెప్పిస్తుంది. డెక్సా స్కాన్, అంటే ఎముక సాంద్రత కొలిచే పరీక్ష. పిల్లల రిపోర్టులో జెడ్ స్కోర్ వేస్తాం, అంటే అదే వయసు పిల్లలతో పోలిక. పెద్దల సెంటర్‌కు వెళ్లగానే యంత్రం టీ స్కోర్, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతతో పోలిక, కొట్టి, కింద ఎర్ర అక్షరాల్లో "ఆస్టియోపొరోసిస్" అని ఇస్తుంది, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు. పంతొమ్మిదేళ్ల అమ్మాయి రాత్రి పదకొండింటికి నాకు ఫోన్ చేసి, "మేడమ్, నాకు మా అమ్మమ్మ జబ్బు కూడా వచ్చింది" అని ఏడ్చింది. ఎముక మారలేదు, కాగితం మారింది. ముట్లు ఆగని ఆడవాళ్లకు, యాభై లోపు మగవాళ్లకు టీ స్కోర్‌తో జబ్బు తేల్చకూడదు. పొట్టిగా ఉన్నవాళ్లలో ఆ యంత్రం సాంద్రతను ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది కూడా. స్కాన్ చేసేవాళ్లకు ముందే చెప్పండి.

పెళ్లి సంగతి. ఇది ఎవరూ అడగరు, అందరి మనసులోనూ ఉంటుంది. ఓఐలో ఎక్కువ రకాలు తల్లికో తండ్రికో ఉంటే ప్రతి కాన్పులో బిడ్డకు సగం అవకాశంతో వస్తాయి. కొన్ని రకాలు ఇద్దరి వైపు నుంచీ లోపం కలిస్తేనే వస్తాయి, మన మేనరికాల్లో అలాంటివి చూస్తాం. ఏ రకమో జన్యు పరీక్ష చెప్తుంది. "పిల్లకు ఎలాగూ జబ్బుంది, బయటివాళ్లు చేసుకోరు, మేనమామకే ఇచ్చేద్దాం" అనే మాట నేను ఓపీలో చాలాసార్లు విన్నాను. ఆ రెండో రకం ఇంట్లో ఉంటే అంతకన్నా పొరపాటు లేదు. ఇది అమ్మానాన్నలకే కాదు, ఆ అమ్మాయికి కూడా నేరుగా చెప్పాలి. గర్భం ఆమెది. పెళ్లి చెయ్యాలా వద్దా అనేది నేను చెప్పను, అది నా పని కాదు.

కాగితాల గురించి త్వరగా. వికలాంగత సర్టిఫికెట్ చిన్నప్పుడు తీసుకున్నదైతే గడువు చూసుకోండి, చాలావాటికి గడువు ఉంటుంది. 40 శాతం, ఆపైన ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఉన్నత విద్యలో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది. పద్దెనిమిది నిండగానే బ్యాంకు ఖాతా, సంతకం పిల్లాడిదే కావాలి. అరుదైన వ్యాధుల జాతీయ విధానం 2021లో వచ్చింది, అందులో ఓఐ పేరు ఉంది, హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఒక కేంద్రం. వివరాలు బయట టేబుల్ దగ్గర మా సోషల్ వర్కర్ చెప్తారు, ఆమెకు నాకన్నా బాగా తెలుసు.

ఒంగోలు అబ్బాయి సంగతి సగంలో వదిలేశాను కదా. ప్లేటు తీసి పొడవాటి రాడ్డు వేశారు. అతికింది. ఇప్పుడు ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన నెల పెద్దల ఓపీలో కొత్త డాక్టర్ గది బయట కనబడ్డాడు, నేను వేరే పని మీద అటు వెళ్తున్నాను. పక్కన వాళ్లమ్మ ఉంది, చేతిలో సంచి లేదు. "సంచేదమ్మా?" అన్నాను. అబ్బాయి ఫోన్ తీసి చూపించాడు, ఎక్స్‌రేలన్నీ స్కాన్ చేసి ఫోల్డర్లు పెట్టుకున్నాడు, ఏడాదివారీగా. వాళ్లమ్మ మాత్రం, "ఇంట్లో బీరువాలో దాచానండీ, పారెయ్యలేదు" అంది.

ఇక ప్రశ్నలు. మైకు ముందు వరసలోకి ఇవ్వండి. అమ్మలూ, మీరు తర్వాత అడుగుదురుగాని, ముందు పిల్లల్ని అడగనివ్వండి. ఆ చివర పసుపు చొక్కా అబ్బాయి చెయ్యెత్తాడు. వాళ్లమ్మగారూ, చెయ్యి కిందికి లాగకండి.